అభ్యంతరంతో పుచ్చుకున్నాను

భూమి కావాలని సర్కారు కాగితం పంపిస్తే మా మెట్ట రైతు చేసే మొదటి పని దాని మీద సంతకం పెట్టకపోవడం. "పెద్దాయన ఊళ్ళో లేరండీ, ఏలూరెళ్ళారు" అని ఇంట్లో ఆడవాళ్ళు చెబుతారు. పెద్దాయన పెరట్లో గేదె పాలు తీస్తుంటాడు. సంతకం లేకపోతే కాగితం అందనట్టు, అందకపోతే భూమి పోనట్టు అని ఆయన లెక్క. 1894 నాటి భూసేకరణ చట్టం రాసినవాళ్ళు ఇలాంటి పెరళ్ళు చాలానే చూసినట్టున్నారు. మనిషి దొరక్కపోతే ఇంట్లో ఉన్న ఇంకో పెద్ద మగమనిషికి ఇవ్వండి, అదీ కుదరకపోతే వీధి తలుపుకి అంటించి రండి అని 45వ సెక్షన్లో ముందే రాసిపెట్టారు. ఆ తరవాత పెరట్లో ఎంతసేపు కూర్చున్నా గడువు ఆగదు.

నేను ద్వారకా తిరుమలలో కొండ కింద బల్ల వేసుకుని కాగితాలు రాసి బతికినవాణ్ణి. దస్తావేజులు, అర్జీలు, వీలునామాలు, వాటితోపాటు భూసేకరణ నోటీసులకి జవాబులు. మా నాన్నగారు కరణం. 1984 జనవరిలో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణీకాలు రద్దు చేసింది. దస్త్రాలు అప్పజెప్పి వచ్చిన నాన్నగారు కొన్నాళ్ళు వీధరుగు మీద ఊరికే కూర్చున్నారు. కాని ఊళ్ళో జనానికి అలవాటు పోలేదు. నోటీసు వస్తే అదే అరుగు దగ్గరికి వచ్చేవారు. ఆయన చెబుతుంటే నేను రాయడం మొదలుపెట్టాను. కొందరు నోటీసుని ముందు కొండ మీదకి తీసికెళ్ళి, స్వామి పాదాల దగ్గర పెట్టించి, కుంకుమ మరకలతో నా దగ్గరికి తెచ్చేవారు. ఒకే గర్భాలయంలో స్వామికి రెండు విగ్రహాలున్న కొండ మాది. ఒకరు వినకపోతే ఇంకొకరు వింటారని మావాళ్ళ ధైర్యం.

ఆనకట్టల మీద పుస్తకాలు కొన్ని చదివాను. ఎన్ని గేట్లు, ఎంత ఆయకట్టు, ఏ దొర, ఏ మంత్రి, అన్నీ ఉంటాయి. కాలవ తవ్విన నేల ఎవరిది, ఇమ్మని అడిగితే ఆ మనిషి ఏమన్నాడు అన్నది మాత్రం ఉండదు. అది కోర్టు దస్త్రాల్లో ఉంటుంది, లేదా నాలాంటివాళ్ళ చిత్తు కాగితాల్లో ఉంటుంది.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసింది. ప్రజావసరాలకి ప్రైవేటు భూమి తీసుకునే చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది కూడా ఆ 1852లోనే. బెంగాలులో 1824 నుంచే అలాంటి రెగ్యులేషన్ ఉంది, బొంబాయిలో 1839 నుంచి. 1857లో కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే చట్టం చేశారు. ధర దగ్గర పేచీ వస్తే మధ్యవర్తులు తేల్చాలి, వాళ్ళు తేల్చిందే ఆఖరు. మధ్యవర్తులంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పని తెలియనివాళ్ళు కొందరు, చెయ్యి చాపినవాళ్ళు కొందరు. 1870లో వాళ్ళని పక్కనపెట్టి జిల్లా జడ్జీని తెచ్చారు. ఈ 1870 చట్టంలో రైతుకి తెలియకుండానే ఒక మేలు ఉంది. రైతు విచారణకి రాకపోయినా, చెప్పిన ధరకి ఒప్పుకోకపోయినా, వ్యవహారాన్ని కోర్టుకి పంపాల్సిన బాధ్యత కలెక్టరుదే. నోరెత్తనివాడి తరఫున కూడా దస్త్రం దానంతటదే జడ్జీ బల్ల మీదకి వెళ్ళేది.

దాంతో ఖర్చు పెరుగుతోంది, జాప్యమవుతోంది అన్నారు. 1894లో తిరగేశారు. కలెక్టరు ధర తేల్చి రాసిన అవార్డే ఖాయం. నచ్చనివాడు తానే రాసి అడగాలి. అడగనివాడు ఒప్పుకున్నట్టే. నా వృత్తికి మూలపురుషుడు ఎవరని అడిగితే ఆ మార్పు చేసిన తెల్లదొర అంటాను. చదువు రాని పల్లెల్లో రాతపూర్వకంగా అడగాలని షరతు పెడితే రాసేవాడికి గిరాకీ రాక ఏమవుతుంది?

ఇంకో సంగతి. "నా పొలం వద్దండి, పక్కనే పోరంబోకు ఉంది, అది తీసుకోండి" అని చెప్పుకునే వీలు ఆ చట్టంలో మొదట లేనే లేదు. అభ్యంతరాలు వినాలన్న 5-ఎ సెక్షను 1923లో చేరింది. దాదాపు ముప్పై ఏళ్ళ పాటు ఎంత ఇస్తారనే అడగాలి, ఎందుకని అడగడానికి లేదు. 1923 తరవాతైనా అత్యవసరమని 17వ సెక్షను కింద ఒక ముక్క రాస్తే ఆ వినడం కూడా ఎత్తెయ్యొచ్చు. హరిజనవాడల ఇళ్ళ స్థలాలకి భూమి తీసుకున్నప్పుడు ఈ 17 తరచుగా కనిపించేది. అక్కడ అవసరం నిజమే. గూడు లేనివాళ్ళకి ఏళ్ళ తరబడి విచారణలంటే న్యాయం కాదు. కాని అదే సెక్షను ఆఫీసు భవనానికీ, రోడ్డు మలుపుకీ వాడినప్పుడు నాన్నగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. కోపం వచ్చినప్పుడు ఆయన చేసేది అంతే.

ఇక అంకె సంగతి. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి.

9వ సెక్షను నోటీసు వస్తే ఫలానా రోజు ఫలానా చోటికి వచ్చి మీకెంత కావాలో చెప్పుకోండి అని అర్థం. దాని వెనకాల 25వ సెక్షను కూర్చుని ఉండేది. రైతు తన జవాబులో వేసిన అంకె కంటే ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడానికి కోర్టుకి అధికారం లేదు. సరైన కారణం లేకుండా అంకె వెయ్యకపోతే కలెక్టరు ఇచ్చినదాన్ని మించి ఇవ్వడానికీ లేదు. అంటే మొహమాటపడి "తమరి దయ, ధర్మంగా ఇప్పించండి" అని రాసినవాడు అక్కడే మునిగాడు. మన పల్లెటూరి మర్యాద అదే కదా, కొనేవాడు పెద్దమనిషైతే ధర నోటితో చెప్పం. దయ అన్న మాట దస్త్రంలో పడితే పైకోర్టుకి వెళ్ళినా పైసా పెరగదు. అందుకని నాన్నగారు ఒకటే చెప్పేవారు: అంకె లేకుండా జవాబు పంపకు, పంపే అంకె చూసి నీకే నవ్వు రావాలి. ఎకరం రెండు వేలు పలికే చోట పదివేలు రాయించేవారు. అలాగని లక్ష రాయించేవారు కాదు. జిల్లా కోర్టులో తేలాక మళ్ళీ అప్పీలుకి పోతే అడిగిన తేడా సొమ్ము మీద కోర్టు ఫీజు కట్టాలి. నవ్వు రావాలి గాని ఏడుపు రాకూడదు.

1984 సెప్టెంబరు 24 నుంచి ఆ 25వ సెక్షను కోరలు పీకేశారు. కలెక్టరు ఇచ్చినదానికి తగ్గకూడదన్న ముక్క మాత్రం మిగిలింది. బలవంతంగా తీసుకుంటున్నందుకు పైన కలిపే సొలేషియం పదిహేను శాతం ఉండేది, ముప్పై అయింది. సొమ్ము ఆలస్యమైతే మొదటి ఏడాదికి తొమ్మిది, ఆపైన పదిహేను శాతం వడ్డీ అన్నారు. కరణాలు పోయిన ఏడాదే రైతుకి ఇవన్నీ వచ్చాయి. జనవరిలో పోగొట్టుకున్నదాన్నీ సెప్టెంబరులో వచ్చినదాన్నీ నాన్నగారు ఒకే గొంతుతో చదివి వినిపించారు.

అంకెకి ఆధారం ఏమిటి? చుట్టుపక్కల జరిగిన క్రయాలు. ఇక్కడ మావాళ్ళ గొయ్యి మావాళ్ళే తవ్వుకున్నారు. స్టాంపు ఖర్చు తగ్గుతుందని అయిదు లక్షల పొలానికి లక్షన్నర కాగితం రాయించడం మా అరుగు మీద రోజూ జరిగేదే. కాగితం ధర వేరు, చేతిధర వేరు. సంచిలో తెచ్చిన సొమ్ము లెక్కపెడుతుంటే నేను అటు తిరిగి కూర్చునేవాణ్ణి. మూడేళ్ళ తరవాత ఆ పక్క సర్వే నంబరుకి నోటీసు వస్తుంది. భూసేకరణ ఆఫీసు వాళ్ళు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి క్రయాల పట్టిక తెప్పించి, ఇదిగో మీ ఊళ్ళో ధర అని చూపిస్తారు. పట్టికలో ఉన్నది లక్షన్నర. అమ్మినవాడు, కొన్నవాడు, సాక్షులు అందరూ బతికే ఉంటారు. అబద్ధం రాయించామని కోర్టులో చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. పోనీ ఊళ్ళో బడి పక్కన అయిదు సెంట్ల ఇంటి స్థలం మంచి ధరకి పోయింది కదా, అది చూపిద్దామంటే చిన్న ముక్క ధర పెద్ద కమతానికి వర్తించదని మూడో వంతో అంతకంటే ఎక్కువో కోసేస్తారు.

చెట్ల దగ్గర మాత్రం మెట్ట రైతు గట్టివాడు. మా ఎర్రనేలలో నీళ్ళు బావిలోంచో బోరులోంచో తోడుకోవాల్సిందే. కాటన్ కాలవలు భీమడోలు, తాడేపల్లిగూడెం పల్లాన పారాయి గాని మా గట్టు ఎక్కలేదు. నీళ్ళు అంత కష్టమైతే ఏం నాటాలో బాగా ఆలోచించి నాటుతారు. పొగాకు, జీడిమామిడి, నిమ్మ, కొబ్బరి, ఆ కొబ్బరి నీడన కోకో. పెదవేగిలో 1995లో పామాయిల్ పరిశోధన కేంద్రం పెట్టాక ఆ పంట గురించి తెలియనివాడు లేడు. కొలతలకి వచ్చిన సర్వేయరు ఎఫ్ఎంబి అనే కొలతల పటం పరిచి గొలుసు లాగుతుంటే, రైతు వెనకాలే నడుస్తూ చెట్టు చెట్టుకీ వయసు చెబుతాడు. పామాయిల్ మొక్క నాలుగో ఏడు నుంచి గెల ఇస్తుంది, పాతికేళ్ళు ఇస్తుంది. అయిదేళ్ళ చెట్టూ ఇరవయ్యేళ్ళ చెట్టూ ఒకటెలా అవుతాయని ప్రశ్న. కోర్టులు చెప్పిందేమంటే, తోట ఆదాయాన్ని ఎనిమిది పది రెట్లు గుణించి ఇస్తే అందులో నేల ధర కూడా వచ్చేసినట్టే, రెండూ విడివిడిగా అడగకూడదు. ఇది మావాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా మింగుడుపడలేదు. "నేల మా తాతదండీ, చెట్టు నాది. రెండిటికీ ఒకటే ధర ఏమిటి?" అనేవారు. చట్టం ప్రకారం జవాబు ఉంది. నేనెప్పుడూ ఆ జవాబు గట్టిగా చెప్పలేకపోయాను.

మిగిలినవి బావి, మోటారు షెడ్డు, పొగాకు బ్యారన్. వాటికి ఇంజనీర్లు లెక్క కడతారు. పాత బావి రాతికట్టు విలువ ఎప్పుడూ తక్కువే వేస్తారు. రాయి కనిపిస్తుంది, తవ్విన లోతు కనిపించదు.

కౌలుదారు సంగతి ఎవరూ అడగరు కనక నేనే చెబుతాను. పాత చట్టంలో హక్కుదారులంటే ఎవరైనా రావచ్చని మాట ఉంది గాని, మా వైపు కౌలు నోటిమాట. సాగు లెక్కలు రాసే అడంగలులో పేరుండదు. నోటీసు రాదు. కొబ్బరి తోటలో కాపలా ఉండి కోకో కాయ కోసినవాడు, బుల్‌డోజరు వచ్చిన రోజున పక్క ఊరికి పనికి పోయేవాడు. 2013 నాటి కొత్త భూసేకరణ చట్టంలో మూడేళ్ళుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదార్లనీ కూలీలనీ కూడా బాధిత కుటుంబాలని రాశారు. రాశారు నిజమే, రుజువు కాగితం మళ్ళీ వాళ్ళే తేవాలి.

అవార్డు అయ్యాక చెక్కు ఇచ్చే రోజు వస్తుంది. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అసలు రోజు అదే. రిజిస్టరులో పేరు ఎదురుగా సంతకం పెట్టి చెక్కు తీసుకోవాలి. పాత చట్టం 31వ సెక్షను ప్రకారం అభ్యంతరం తెలపకుండా సొమ్ము పుచ్చుకున్నవాడికి 18వ సెక్షను కింద కోర్టుకి పంపమని అడిగే హక్కు ఉండేది కాదు. సంతకం పైన "అభ్యంతరంతో పుచ్చుకున్నాను" అని ఒక్క వరస రాస్తే ఉండేది. అంతే తేడా. ఆ వరస చిన్న చీటీ మీద రాసి జేబులో పెట్టి పంపేవాణ్ణి. సంతకం మాత్రమే వచ్చినవాళ్ళకి ఇంటి దగ్గర పలక మీద దిద్దించిన రోజులున్నాయి. అయినా చాలామంది రాయకుండానే వచ్చేసేవారు. బల్ల అవతల కూర్చున్న గుమస్తా ముఖం చిట్లిస్తాడని, చెక్కు వెనక్కి లాక్కుంటారని భయం. ఆడపిల్ల పెళ్ళి ముందున్నవాడికి ఆ భయం ఇంకా ఎక్కువ.

ఒక ఇంట్లో ఇద్దరన్నదమ్ములు. నాలుగెకరాలు సగం సగం, మధ్యలో గట్టు ఒకటే. పెద్దాయన నెమ్మదస్తుడు, గవర్నమెంటుతో తగువేమిటని ఉత్త సంతకం పెట్టాడు. తమ్ముడు చీటీ చూసి రాశాడు. కోర్టులో తమ్ముడికి ధర పెరిగింది. అన్నగారు నా దగ్గరికి వచ్చి ఏమీ అనకుండా కూర్చున్నారు. ఆయనకి దారి చూపించింది 28-ఎ. అది కూడా 1984లోనే చేర్చారు. ఒకే నోటిఫికేషన్ కింద పోయిన భూముల్లో ఒకరికి కోర్టు పెంచితే, అడగకుండా ఊరుకున్న మిగతావాళ్ళు కూడా మూడు నెలల్లో కలెక్టరుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. తీర్పు నకలుకి పోయిన రోజులు మినహాయింపు. 1870 తరవాత నోరులేనివాడి మీద చట్టం జాలి చూపిన చోటు నాకు తెలిసి ఇదే. అయితే పక్కవాడికి తీర్పు వచ్చిందని మూడు నెలల్లో తెలియాలి. గట్టు తగువుల్లో మాటలు మానేసిన ఇళ్ళలో అది తెలిసేది కాదు. ఆ అన్నదమ్ములు మాట్లాడుకునేవారు కాబట్టి సరిపోయింది.

2004 తరవాత పోలవరం కుడి కాలువ పనులతో నాకు తీరిక లేకుండా పోయింది. గోదావరి నీటిని కృష్ణకి చేర్చే కాలువ మా మెట్ట మండలాల మీదుగా పోవాలి. చింతలపూడి ఎత్తిపోతల నోటీసులు కూడా వచ్చాయి. ఒక కాలువ మన నీళ్ళకి, ఒక కాలువ పైవాళ్ళ నీళ్ళకి అని జనం విడదీసి మాట్లాడేవారు. చింతలపూడి కాలువకి భూమి అడిగితే ధర దగ్గర పేచీ పెట్టేవారు, కుడి కాలువకి అడిగితే కాలువ దగ్గరే పేచీ పెట్టేవారు. ఆ తేడాలో న్యాయం ఉంది.

ఈ మధ్యలో చట్టం మారింది. 2014 జనవరి 1 నుంచి ఆ 2013 భూసేకరణ చట్టం అమల్లోకి వచ్చింది. సొలేషియం నూటికి నూరు. పల్లెల్లో ధరని ఒకటి నుంచి రెండు వరకు గుణించాలి, ఎంతన్నది రాష్ట్రం తేల్చుకోవాలి. అభ్యంతరాలకి అరవై రోజులు. ఇంకో కొత్త ముక్క 24(2): అయిదేళ్ళకి ముందే అవార్డు అయినా భూమి స్వాధీనం కాకపోతే, లేదా సొమ్ము ముట్టకపోతే, ఆ సేకరణ రద్దు. అదే నెలలో సుప్రీంకోర్టు పుణె కేసులో, సొమ్ము ఖజానాలో వేస్తే చెల్లించినట్టు కాదు, కోర్టులో జమ చెయ్యాలి అంది. చెక్కు వద్దని తిరగ్గొట్టినవాళ్ళంతా ఒక్కసారి తెలివైనవాళ్ళయిపోయారు. మా బల్ల చుట్టూ జాతరలా ఉండేది. పెరట్లో దాక్కున్న పెద్దాయన పంథాయే సరైనదేమో అని నాకే అనుమానం వచ్చింది. 2020 మార్చి 6న అయిదుగురు జడ్జీల బెంచి ఇండోర్ కేసులో దాన్ని కొట్టేసింది. స్వాధీనమో చెల్లింపో, రెండిటిలో ఒకటి జరిగితే సేకరణ నిలబడుతుంది. ఇస్తామన్నప్పుడు వద్దన్నవాడు తరవాత ముట్టలేదని అనకూడదు. ఆరేళ్ళ ఆశ. దాని మీద పెట్టిన వకీలు ఖర్చులు గోడకి కొట్టిన సున్నం.

జాతీయ రహదార్లది వేరే దారి. 1956 చట్టం, అభ్యంతరాలకి ఇరవై ఒక్క రోజులు, ధర నచ్చకపోతే కోర్టు కాదు, ఆర్బిట్రేటరు. 1997 సవరణ తరవాత దాంట్లో సొలేషియం అన్నదే లేకుండా పోయింది. కాలువకి పోయిన ఎకరానికి ముప్పై శాతం కలిపి, రోడ్డుకి పోయిన ఎకరానికి కలపకపోవడం ఏమిటని మేం అరుగు మీద అడిగిన ప్రశ్నకి సుప్రీంకోర్టు 2019లో జవాబిచ్చింది, కలపాలంది.

సర్కారు నిజంగా అడిగి కొన్నది ఎప్పుడంటే పేదల ఇళ్ళ పట్టాలప్పుడు. 2020 డిసెంబరు 25న పంపిణీ మొదలైంది. దానికి ముందు ఏడాదంతా అధికార్లు ఊళ్ళలో తిరిగి, ఎకరం ఎంతకిస్తారు అని బేరం చేశారు. 2018లో రాష్ట్రం తెచ్చిన సవరణతో ఒప్పందం మీద కొనడానికి చట్టంలోనే చోటు ఏర్పడింది. అప్పుడు రాసిన కాగితం వేరే రకం. అంగీకార పత్రం. ఇంత ధరకి ఒప్పుకున్నాను, మరి కోర్టుకి పోను. మంచి ధర వస్తే దాంట్లో తప్పులేదు. కాని ఎప్పుడూ అభ్యంతరం రాసిన చేతికి అంగీకారం రాయడం ఇబ్బందిగా ఉండేది. అన్నీ చదివి వినిపించి, "తరవాత పెంచమని అడగడానికుండదు, తెలిసిందా?" అని రెండుసార్లు అడిగేవాణ్ణి. "తెలిసిందండీ, మీరు రాయండి" అనేవారు. తెలిసే అనేవారు. కోర్టులో పుష్కరం గడిపిన పక్కింటివాణ్ణి చూసినవాళ్ళు వాళ్ళు.

పల్లానికి దిగితే కథ తలకిందులు. కొల్లేట్లో 1999 అక్టోబరు 4న జీవో 120 వచ్చింది. అయిదో కాంటూరు గీత దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002 ఆగస్టులో సరస్సు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2005–06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువులకి గండ్లు కొట్టారు. సర్కారు భూమిని ఆక్రమించి తవ్విన చెరువులకి గండి పడితే నాకు బాధ లేదు, సరస్సు అందరిదీ. కాని ఆ గీత లోపల వేల ఎకరాల జిరాయితీ కూడా ఉంది, తాతల నాటి పట్టాలతో. దాంట్లో చెరువు తవ్వకూడదు. అభయారణ్యం చేస్తామని ప్రకటించాక అక్కడ నేల మీద కొత్త హక్కు వారసత్వం వల్లే తప్ప పుట్టకూడదని వన్యప్రాణి చట్టం 20వ సెక్షను. అంటే కొడుక్కి వారసత్వంగా దక్కుతుంది, అమ్మడానికి లేదు. హక్కులున్నవాళ్ళ భూమిని కలెక్టరు మినహాయించొచ్చు, కొనొచ్చు, కొనసాగనివ్వొచ్చు అని 24వ సెక్షను. కొనేట్టయితే హక్కుదారు భూసేకరణ చట్టం కింద 9వ సెక్షను నోటీసుకి హాజరైనట్టే లెక్కించాలని అదే వన్యప్రాణి చట్టం 25వ సెక్షను. మా మెట్టన జనం భయపడి దాక్కున్న ఆ నోటీసు కోసమే కొల్లేటివాళ్ళు ఎదురుచూస్తున్నారు. కాంటూరుని మూడుకి దించమని 2008లో శాసనసభ తీర్మానించింది. దాని మీద కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించొద్దంది.

కైకలూరు వైపు నుంచి ఒకాయన కొండకి మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, గుండుతోనే నా బల్ల దగ్గరికి వచ్చారు. మూడెకరాల జిరాయితీ, గీత లోపల. సర్కారువారు నా భూమి కొనవలసిందిగా అర్జీ రాయమన్నారు. అన్నేళ్ళలో అలాంటి కాగితం రాసింది అదే మొదలు. సర్వే నంబరు, విస్తీర్ణం, జీవో నంబరు, 24వ సెక్షను అన్నీ వేశాను. ధర దగ్గరికి వచ్చి కలం ఆపాను. నాన్నగారి లెక్క ప్రకారం అంకె పడాలి.

"ఎంత వెయ్యమంటారండీ?"

"మీ ఇష్టమండీ. ముందు కొంటామనమనండి, తరవాత తగువాడతాను."

ఎకరానికి ఇంతని ఒక అంకె వేసి ఇచ్చాను. చూసి నవ్వి, మడిచి జేబులో పెట్టుకున్నారు.